సముద్రము చేరిన విషము: ‘నిశ్శబ్ద వసంతము’ తొమ్మిదవ అధ్యాయముపై ఒక విమర్శ

రేచల్ కార్సన్ రచించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలో వెలువడినది. తెలుగులో ‘నిశ్శబ్ద వసంతము’ అని చెప్పవచ్చును. క్రిమిసంహారక మందుల వాడుకనుగూర్చి ఇంతగా చర్చ లేవదీసిన గ్రంథములు అరుదు. దీని పేరు వినగనే చాలమందికి పక్షులే స్ఫురించును. పక్షుల పాట వినబడని వసంతము అనునదే గ్రంథనామమునకు అర్థము. పాఠశాలలలో ఈ గ్రంథమును ప్రస్తావించునప్పుడు డి.డి.టి. అనియు, పక్షుల నాశనమనియు రెండు మాటలు చెప్పి ముగించుట పరిపాటియైనది.

అయితే పదునేడు అధ్యాయములుగల ఈ గ్రంథములో తొమ్మిదవ అధ్యాయము పక్షులనుగూర్చినది కాదు. అడవిమీదను, పొలముమీదను, ఉప్పు పర్రలమీదను చల్లిన మందు ఏటిలోనికి, ఏటినుండి మొగలోనికి, మొగనుండి సముద్రములోనికి పోవు త్రోవను ఆ అధ్యాయము వివరించుచున్నది. సముద్రతీరమునకు చేరువలో మందు చల్లుటను ప్రభుత్వములు ఎట్లు అదుపు చేయవలెను అను ప్రశ్న నేటికిని తెగలేదు. కావున ఆ అధ్యాయమును మరల చదివి, అందులో నిలిచినదేదో, నిలువనిదేదో, దాని తరువాత వచ్చిన చట్టములు ఆ పాఠమును ఎంతవరకు గ్రహించినవో పరిశీలించుట అవసరము.

రచయిత్రి అర్హత

కార్సన్ పత్రికా రచయిత్రి మాత్రమేయని కొందరు తేలికగా మాటలాడిరి. అది సరికాదు. ఆమె 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునుండి జంతుశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందినది. 1936 మొదలు 1952 వరకు అమెరికా ప్రభుత్వపు మత్స్యశాఖలో పనిచేసినది. ‘నిశ్శబ్ద వసంతము’నకు ముందు ఆమె వ్రాసిన మూడు గ్రంథములును సముద్రమునకు సంబంధించినవే. వానిలో 1951లో వచ్చిన ‘ది సీ ఎరౌండ్ అస్’ ఆమెకు విశేషమైన కీర్తి తెచ్చినది. డి.డి.టి.నిగూర్చి వ్యాసము వ్రాయుదునని ఆమె 1945లోనే ఒక ప్రసిద్ధ మాసపత్రికకు తెలుపగా వారు అంగీకరింపలేదు. అనగా ఈ విషయము ఆమె మనస్సులో పదునేడేండ్లు నానినది. తొమ్మిదవ అధ్యాయములో ఆమె తనకు బాగుగా తెలిసిన చోటనే నిలిచి మాటలాడుచున్నది. ఈ అధ్యాయమునకుగల బలమునకు ఇది మొదటి కారణము.

అధ్యాయములోని సారము

ఈ అధ్యాయము కెనడా దేశపు న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములోని మిరమిషి నదితో ఆరంభమగును. అచటి అడవులలో చెట్ల లేతాకులను తిను ఒక గొంగళిపురుగును చంపుటకు 1954లో విమానములతో డి.డి.టి. చల్లిరి. మోతాదు ఎకరమునకు అరపౌను. విమానములు ఏరులను తప్పించి పోలేదు. రెండు దినములలోనే ఒడ్డున చచ్చిన చేపలు కనబడెను. నీటిలోని పురుగులు చచ్చినందున, మిగిలిన సాల్మన్ పిల్లలకు ఆహారము లేకపోయెను. ఆ వసంతమున పుట్టిన సాల్మన్ పిల్లలలో దాదాపు ఏదియు మిగులలేదు. సాల్మన్ ఏటిలో పుట్టి సముద్రములో పెరుగు చేప. కావున అడవిలో చల్లిన మందు సముద్రపు చేపను దాని ఊయలలోనే చంపినదన్నమాట.

తరువాత కార్సన్ ఫ్లారిడా తూర్పు తీరమునకు వచ్చును. అక్కడి సెయింట్ లూసీ కౌంటీలో 1955లో సుమారు 2,000 ఎకరముల ఉప్పు పర్రలమీద డీల్డ్రిన్ అను మందు చల్లిరి. ఇసుక ఈగల పిల్లపురుగులను చంపుట దాని ఉద్దేశము. మోతాదు ఎకరమునకు ఒక పౌను. ఫలితమును పరిశోధకులు లెక్కించిరి. కనీసము 30 జాతులకు చెందిన, 11,75,000 చేపలు చచ్చెను. వాని బరువు ఇరువదినుండి ముప్పది టన్నులు. పీతలు ఆ ప్రాంతమంతట నశించెను. నత్తలు, ఆలుచిప్పలవంటి మెత్తని శరీరముగల జీవులకు మాత్రము హాని జరిగినట్లు కనబడలేదు.

ఈ రెండు ఉదాహరణములకు తోడుగా ఆమె రొయ్యల జీవితచక్రమును చెప్పుచున్నది. మెక్సికో సింధుశాఖలోని రొయ్యలు సముద్రములో గ్రుడ్లు పెట్టును. పిల్లలు తీరమునకు కొట్టుకొనివచ్చి మొగలలోను, ఉప్పుటేళ్లలోను పెరిగి, మరల సముద్రమునకు పోవును. నడిసముద్రములో వలవేయు బెస్తవాని పంట నిజమునకు మొగలోని చిత్తడినేలలో పండుచున్నది. ఆ చిత్తడినేలపై పడిన మందు సముద్రముమీద పడినట్లే. పాఠకుడు ఈ అధ్యాయమునుండి గ్రహింపవలసిన ముఖ్యవిషయము ఇదియే.

అధ్యాయములో నిలిచిన సత్యము

ఫ్లారిడాలో పీతలు చచ్చి ఆలుచిప్పలు మిగులుటకు మూలకారణము జీవశాస్త్రపు తొలిపాఠములలోనే కలదు. దోమ, ఈగ, గొంగళిపురుగు, పీత, రొయ్య – ఇవియన్నియు సంధిపాదులు అను ఒకే వర్గమునకు చెందినవి. వీని నాడీమండల నిర్మాణము, కుబుసము విడుచు పద్ధతి, ఆ పద్ధతిని నడిపించు హార్మోనులు దగ్గరి పోలిక కలిగియుండును. ఆలుచిప్ప వేరొక వర్గమునకు చెందినది. మానవుడు దోమకని తయారుచేసిన విషము దోమను గుర్తుపట్టి చంపదు. దోమవంటి శరీరయంత్రమును చంపును. రొయ్యకు ఆ యంత్రమే కలదు. కావున పురుగులమందు ఎంత క్రొత్తదైనను, పీతలకు రొయ్యలకు అది అపాయకరము కాదని ఋజువగువరకు అపాయకరమేయని అనుకొనుట న్యాయము. కార్సన్ ఈ మాటను ఇంత సూటిగా చెప్పలేదు. అయినను ఆమె పేర్కొన్న వాస్తవములు దీనికే దారితీయుచున్నవి.

ఆమెకు తెలియుటకు అవకాశములేని విషయములు కొన్ని ఆమె 1964లో మరణించిన తరువాత బయటపడినవి. వానిలో ముఖ్యమైనది లాంగ్ ఐలండ్ పరిశోధన. న్యూయార్క్ నగరమునకు తూర్పున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఈ దీవి తీరమున, దోమల నివారణకై అనేక సంవత్సరములు డి.డి.టి. చల్లిరి. అక్కడి కార్మన్స్ నది మొగలోని జీవులను వుడ్‌వెల్, వర్‌స్టర్, ఐజక్‌సన్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించి 1967లో ఫలితములను ప్రకటించిరి. నీటిలో పదిలక్షల భాగములకు డి.డి.టి. 0.00005 భాగము మాత్రమే ఉండెను. నీటిలో తేలియాడు ప్లవకములలో 0.04 భాగము ఉండెను. చేపలలో అంతకంటె హెచ్చు. చేపలను తిను పక్షులలో ఇంకను హెచ్చు. గల్ జాతికి చెందిన ఒక సముద్రపక్షిలో 75 భాగములు కనబడెను.

విద్యార్థులు ఈ అంకెలతో స్వయముగా లెక్క చేయవచ్చును. 75ను 0.00005చే భాగించినచో 15 లక్షలు వచ్చును. అనగా పక్షి శరీరములోని విషము నీటిలోని విషమునకు 15 లక్షల రెట్లు. ఆ మొగలోని నీటిని మాత్రమే పరీక్షించిన ఉద్యోగి “నీరు పరిశుభ్రముగానే ఉన్నది” అని నివేదిక వ్రాసియుండును. అతని నివేదిక అబద్ధము కాదు. కాని దానివలన ప్రయోజనము లేదు. డి.డి.టి. క్రొవ్వులో కరగును, నీటిలో కరగుట బహుస్వల్పము. శరీరములో త్వరగా విరిగిపోదు. అందుచే ప్రతి జీవియు తాను తినిన జీవుల విషమునంతయు మూటగట్టుకొనును. అదే సంవత్సరము, 1967లో, ఇంగ్లండులో డెరెక్ రాట్‌క్లిఫ్ డేగజాతి పక్షుల గ్రుడ్ల పెంకులు పలుచబడినవని చూపెను. డి.డి.టి.నుండి పుట్టు డి.డి.ఇ. అను పదార్థము దీనికి కారణమని తరువాత తేలినది. పక్షులు ఎందుకు పిల్లలను పొందలేకపోవుచున్నవో కార్సన్‌కు పూర్తిగా తెలియలేదు. పొందలేకపోవుచున్నవని మాత్రము ఆమె సరిగా చెప్పినది.

లాంగ్ ఐలండ్‌లో దోమల నివారణ సంఘముపై 1966లో న్యాయస్థానమున వ్యాజ్యము నడచినది. డి.డి.టి. వ్యవసాయపు వాడుకను 1972లో అమెరికా ప్రభుత్వము దాదాపు పూర్తిగా రద్దుచేసెను. కార్సన్ గ్రంథము వేసిన విత్తనము పదేండ్లకు ఫలించినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

గ్రంథములోని లోపములు

గ్రంథము గొప్పదని చెప్పి ఊరకుండుట విమర్శ కాదు. దీనిలో లోపములు కలవు. మొదటి అధ్యాయము ఒక కల్పిత పట్టణపు కథ. ఎన్నో ఊళ్లలో వేరువేరుగా జరిగిన కీడులను ఒక్క ఊరిలో జరిగినట్లు ఆమె వర్ణించెను. ఇది కల్పనయని ఆమెయే చెప్పినను, ప్రతిపక్షులకు ఇది ఆయుధమైనది. శాస్త్రగ్రంథమునకు ఇట్టి ఆరంభము మేలుచేయలేదు.

రెండవది, దోమలవలన మనుష్యులకు కలుగు వ్యాధుల బరువు ఈ గ్రంథములో తగినంతగా కనబడదు. ఆమె క్రిమిసంహారకములను పూర్తిగా నిషేధింపవలెనని కోరలేదు. ఆలోచన లేక, పరీక్ష లేక, అడ్డూ అదుపూ లేక వాడుటనే ఖండించినది. మందు మితిమీరినచో దోమలు దానికి అలవాటుపడి లొంగకపోవునని కూడ హెచ్చరించినది. కావున మలేరియా మరణములకు ఆమెనే బాధ్యురాలిని చేయువారి వాదము న్యాయమైనది కాదు. 1972నాటి ఆజ్ఞ ఇతర దేశములలో వ్యాధినివారణకు డి.డి.టి. వాడుటను ఆపలేదు. 2001నాటి స్టాక్‌హోమ్ ఒడంబడికయు దోమల నివారణకు దానిని మినహాయించినది. అయినను, మలేరియాతో మంచమెక్కిన కూలివానికిని, వల ఖాళీగా తిరిగివచ్చిన బెస్తవానికిని మధ్య ప్రభుత్వము ఎట్లు తూచవలెనో ఈ గ్రంథము చెప్పలేదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. తొమ్మిదవ అధ్యాయములో కీడునకు కొలత ఒడ్డున తేలిన చచ్చిన చేపలు. పదకొండు లక్షల చేపలు తేలినచో ఎవరును కాదనలేరు. కాని ఏమియు తేలనప్పుడు? పీత పిల్లలు మాత్రమే చచ్చినప్పుడు? రొయ్య కుబుసము విడువలేక క్రమముగా బలహీనపడినప్పుడు? అటువంటి కీడును కనుగొనుటకు ఈ అధ్యాయములో సాధనము లేదు. డి.డి.టి., డీల్డ్రిన్ మొదలైనవి ఏండ్లతరబడి నిలిచియుండు విషములు. వానిని పట్టుకొనుట సులభము. తరువాత వచ్చిన పైరెత్రాయిడు మందులు అట్టివి కావు. అవి మనుష్యులకు, పక్షులకు అంతగా హానికరములు కావు, డి.డి.టి.వలె చిరకాలము నిలువవు. కాని చేపలకు, ముఖ్యముగా రొయ్యలకు, పీతలకు అతిస్వల్ప మోతాదులోనే ప్రాణాంతకములు. నీటిలో కలసిన తరువాత త్వరగా బురదకు అంటుకొనిపోవును. వచ్చి, చంపి, మాయమగు విషమును కార్సన్ కొలబద్దతో కొలువజాలము.

లాబ్‌స్టరుల ఉదంతము

ఈ లోపము ఎంత పెద్దదో 1999లో లాంగ్ ఐలండ్ తీరముననే తెలిసినది. లాబ్‌స్టరు అనునది పెద్ద కొక్కేలుగల, రొయ్యకు పీతకు బంధువైన సముద్రజీవి. లాంగ్ ఐలండ్‌కు ఉత్తరముననున్న జలసంధిలో దానిని పట్టి జీవించు కుటుంబములు చాల ఉండెను. 1999 వేసవిలో న్యూయార్క్‌లో వెస్ట్ నైల్ అను దోమకాటు వ్యాధి మొదటిసారి కనబడినది. 62 మందికి తీవ్రముగా సోకి, ఏడుగురు మరణించిరి. దోమలను చంపుటకు మాలథియాన్, పైరెత్రాయిడులు చల్లిరి. వాననీటి కాలువల గుంటలలో మెథోప్రీన్ అను మందు వేసిరి. సెప్టెంబరులో ఫ్లాయిడ్ తుపాను వానలు కురిసినవి. ఆ శరత్కాలమున జలసంధి పడమటి భాగములో లాబ్‌స్టరులు కుప్పలుగా చచ్చెను.

పట్టువారు వెంటనే మందునే అనుమానించిరి. అనుమానమునకు ఆధారము లేకపోలేదు. మెథోప్రీన్ దోమపిల్లలను ఎదుగనీయక ఆపు ఒక కృత్రిమ హార్మోను. అట్టి హార్మోనే లాబ్‌స్టరు జాతిలోను పనిచేయును. ప్రయోగశాలలో లాబ్‌స్టరు పిల్లలకు దానివలన హాని కలుగుననియు తెలిసినది. మందుల తయారీదారులపై వ్యాజ్యములు నడచినవి. కొంత పరిహారమును లభించినది. అయితే రాజీ అనునది శాస్త్రనిర్ణయము కాదు. తరువాత జరిగిన విస్తృతపరిశోధనలలో వేరొక చిత్రము కనబడినది. ఆ సంవత్సరము జలసంధి అడుగునీరు 20 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కియుండెను. అది చలినీటి జీవియైన లాబ్‌స్టరు భరింపలేని వేడి. నీటిలో ప్రాణవాయువు తగ్గినది. చచ్చిన వానిలో ఒక అమీబాజాతి పరాన్నజీవి కనబడినది. మందులే ముఖ్యకారణమని ఋజువు కాలేదు. వేడిచే క్రుంగిన జీవులకు అవి మరికొంత భారమై ఉండవచ్చును.

2012లో కనెక్టికట్ రాష్ట్రాధికారులు కొన్ని లాబ్‌స్టరులలో ఈ మందులు కనబడినవని ప్రకటించిరి. 2013లో ఆ రాష్ట్రము తీరప్రాంతపు వాననీటి కాలువలలో మెథోప్రీన్, రెస్మెత్రిన్ అను మందుల వాడుకను, ప్రజారోగ్యమునకు ముప్పు వచ్చిన సందర్భములు మినహా, నిషేధించు శాసనము చేసినది. పిమ్మట జరిగిన పరీక్షలలో లాబ్‌స్టరులలో ఆ మందులు కనబడలేదు. జలసంధిలో లాబ్‌స్టరులు మాత్రము మునుపటివలె మరల పెరుగలేదు.

ఈ ఉదంతమును రెండు పక్షములవారును తమకు అనుకూలముగా వాడుకొనుచున్నారు. “మందు నిర్దోషి” అని ఒకరు, “మందే హంతకి” అని ఒకరు. రెండును తొందరపాటు మాటలే. నిజమైన తప్పు వేరొకచోట కలదు. మందు చల్లిన 1999 సెప్టెంబరులో, జలసంధి అడుగున ఎంత మందు చేరినదో అప్పుడే కొలిచి వ్రాసిన లెక్క చాలినంత లేదు. అట్టి లెక్క ఉండినచో ఏండ్లతరబడి వివాదము సాగియుండదు. బెస్తలకు నిజము తెలిసియుండును. దోమల నివారణాధికారులకు నింద తప్పియుండును.

చట్టము ఎక్కడ కొలుచుచున్నది?

ఇప్పుడు చట్టములను చూడుము. క్రిమిసంహారక చట్టములు సాధారణముగా మందును అది బయలుదేరు చోట కొలుచును. ఏ మందు, ఏ పంటకు, ఎకరమునకు ఎంత, నీటిగట్టునుండి ఎంత దూరము – ఇవి లేబులుమీద ఉండును. ఉదాహరణమునకు, అమెరికాలో వ్యవసాయపు పైరెత్రాయిడు మందులను నేలమీదినుండి చల్లునప్పుడు చెరువులు, మొగలు మొదలైన జలాశయములకు 25 అడుగుల దూరము, విమానమునుండి చల్లునప్పుడు 150 అడుగులు, మిక్కిలి సన్నని తుంపరగా చల్లునప్పుడు 450 అడుగులు విడువవలెనని లేబులు నిబంధన పెట్టిరి. ఇది మంచిదే. కాని ఈ దూరములు ముఖ్యముగా గాలిలో కొట్టుకొనిపోవు తుంపరను ఆపుటకు ఉద్దేశించినవి. పొలమునుండి మురుగుకాలువలో దిగు నీటికి 450 అడుగులు ఒక లెక్క కాదు. కాలువ ఆ విషమును మైళ్లకొలది దూరము మోసికొనిపోవును.

న్యాయస్థానములును ఈ చిక్కునే ఎదుర్కొనినవి. నీటిమీదగాని, నీటిచెంతగాని చల్లిన మందుకు జలసంరక్షణ చట్టముక్రింద అనుమతి పొందవలెనని 2009లో అమెరికాలోని ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ ప్రకారము 2011 అక్టోబరు 31నుండి సాధారణ అనుమతి విధానము అమలునకు వచ్చినది. దోమల నివారణవారు, కాలువలలో కలుపు చంపువారు దానికి లోబడిరి. అయితే పొలములనుండి వానతో దిగు నీరు, సేద్యమునకు వాడి విడుచు నీరు ఆ చట్టములో మినహాయింపబడినవి. అనగా నీటిపై ఎగురు విమానమునకు కాపలా కలదు. నీటిలో కలియు కాలువకు లేదు. మిరమిషిలో 1954లో విమానమును నిందించిరి. కాని సముద్రమునకు అడుగడుగున విషమును చేర్చునది నిశ్శబ్దముగా ప్రవహించు కాలువ.

ఈ లోటును పూడ్చుట అసాధ్యము కాదని కాలిఫోర్నియా వరిరైతుల అనుభవము తెలుపుచున్నది. సాక్రమెంటో లోయలో వరిచేలకు వేయు కలుపుమందులు 1980వ దశకపు ఆరంభమున మురుగుకాలువలలో చేపలను చంపినవి. పట్టణపు త్రాగునీటికి చేదురుచి తెచ్చినవి. ఆ నది శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు మొగలోనికి పోవును. ప్రభుత్వము మందును నిషేధింపలేదు. మందు వేసిన తరువాత చేనినీటిని విడువక కొన్నిదినములు గట్లలోనే నిలిపియుంచవలెనని నియమము పెట్టిరి. క్రమముగా ఆ గడువును కొన్ని మందులకు నాలుగు వారములవరకు పెంచిరి. అదే సమయమున కాలువలలోను నదిలోను మందు ఎంత ఉన్నదో కొలుచుచు వచ్చిరి. చేనిలోనే ఎండకు, సూక్ష్మజీవులకు మందు విరిగిపోయినది. నదిలో దాని పాలు చాల తగ్గినది. రైతునకు మందు దక్కినది. చేపకు ప్రాణము దక్కినది. ఇక్కడ నియమము సఫలమగుటకు కారణము స్పష్టము: కొలత చేనిగట్టున ఆగక, నీరు చేరు చోటివరకు పోయినది.

మన తీరమునకు ఈ పాఠము

కృష్ణా, గోదావరీ డెల్టాలలోని వరిచేల మురుగునీరు కాలువలగుండ కొల్లేటికి, మొగలకు, కడకు బంగాళాఖాతమునకు చేరుచున్నది. కొల్లేటినీరు ఉప్పుటేరు ద్వారా సముద్రములో కలియును. గోదావరి మొగయొద్ద కోరంగి మడ అడవులు కలవు. పులిరొయ్య సముద్రములో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు ఇట్టి మొగలలోను మడచెట్ల వ్రేళ్లనడుమను పెరుగును. కార్సన్ మెక్సికో సింధుశాఖనుగూర్చి చెప్పిన జీవితచక్రము ఇక్కడను అదే. వరిచేనికి మందుకొట్టు కాలమును, రొయ్యపిల్ల మొగలోనికి వచ్చు కాలమును ఒకదానిమీద ఒకటి పడినచో నష్టము ఎవరికో వేరుగా చెప్పనక్కరలేదు.

భారతదేశమున 1968లో క్రిమిసంహారకముల చట్టము చేయబడినది. మనుష్యులకును, జంతువులకును కలుగు ప్రమాదమును నివారించుట దాని ఉద్దేశము. ఆ చట్టములో ‘జంతువులు’ అను మాటకు ఇచ్చిన నిర్వచనమున చేపలు స్పష్టముగా పేర్కొనబడినవి. ఇది గమనింపదగిన విశేషము. చేప ఆ చట్టపు రక్షణలో ఉన్నదనుటకు క్రొత్తగా వాదింపనక్కరలేదు. వ్యవసాయమున డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడినది. కాని చట్టముయొక్క కన్ను ముఖ్యముగా మందుడబ్బామీద, దుకాణముమీద, లేబులుమీద నిలిచినది. మురుగుకాలువ చివరివరకు పోలేదు. ఇదియే తొమ్మిదవ అధ్యాయము పూర్తిగా నేర్పని పాఠము. ఆ అధ్యాయపు వాస్తవములనుండి మనము పూర్తిచేసికొనవలసిన పాఠము.

ఆ పాఠమును నియమములుగా చెప్పవలెనన్న మూడు చాలును. మొదటిది, తీరప్రాంతమున మందు అనుమతించునప్పుడు చేపతో పరీక్ష చాలదు. రొయ్యపిల్లతోను పీతపిల్లతోను పరీక్షింపవలెను. రెండవది, రొయ్యపిల్లలు మొగలోనికి వచ్చు మాసములలో మందు వేసిన చేనినీటిని కొన్నిదినములు నిలిపియుంచవలెను. మూడవది, మొగలలో నీటిని మాత్రమే గాక బురదను, ఆలుచిప్పలను కూడ క్రమముగా పరీక్షించి, ఆ లెక్కలను ప్రజలకు తెలుపవలెను. నీటిలో కనబడనిది బురదలో కనబడును. అనుమానము వచ్చిన తరువాత వెదకుటకంటె, రాకముందే లెక్క వ్రాసియుంచుట చౌక.

ముగింపు

తొమ్మిదవ అధ్యాయము నేటికిని చదువదగినది. దానిలోని మందులు చాలవరకు వాడుకనుండి తొలగినను, నీటి త్రోవ మారలేదు. చచ్చిన చేపలను లెక్కించుట దాని బలము. చావకముందే కీడును కొలుచు మార్గము చూపకపోవుట దాని లోపము. మందు ఎంత చల్లితిమి అనుదానికి ప్రక్కనే అది ఎక్కడికి, ఎప్పుడు, ఎంత చేరినది అను ప్రశ్నను కూడ చట్టము అడుగనంతకాలము ఆ లోపము చట్టములదియు అగును.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చెప్పునప్పుడు డి.డి.టి. పేరుతో ముగింపక, తమ ఊరి పంటకాలువ ఏ మురుగులో, ఆ మురుగు ఏ ఏటిలో, ఆ ఏరు ఏ మొగలో కలియునో విద్యార్థులచే పటము గీయించుట మంచిది. పటములోని గీత సముద్రము చేరునప్పటికి, చేలో చల్లిన మందుకు గట్టు హద్దు కాదని విద్యార్థికి వేరుగా చెప్పవలసిన పని యుండదు.